కాశీకి బయలుదేరిన కర్రెన్న

జమ్మలమడుగు,
4-11-2024, సోమవారం.

చి. శిల్పకు,

నువ్వు నిన్న ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ప్రొద్దుటూరులో బయలుదేరావు. ఇంత తొందరగా ఈ జాబు ఎందుకంటే, నీకు చెప్పవలసినవాటిలో సగం ఇర్ఫాన్ వెల్డింగు షాపు ముందు చేరిన జనం చెప్పనివ్వలేదు. కారు వెనక తగిలించిన ఆ చక్రాల ఇంటిని చూసి ఒకాయన "ఏందప్పా ఇది, మల్లా ఎలక్షన్లు వచ్చినాయా?" అన్నాడు. ఇంకొకాయన "ఐస్‌క్రీం బండి" అన్నాడు. ఇర్ఫాన్‌కు రోషం వచ్చింది. "బండి గాదు మామా, ఇల్లు! రెండు మంచాలు, స్టవ్వు, సింకు. ఒక మంచం కుక్కలకంట!" అని అరిచి చెప్పాడు. కుక్కలకు మంచమన్న మాట విన్నాక నా మాట ఎవరికి వినపడుతుంది?

మీ నాన్న మొహం చూశావు కదా. పులివెందుల నుంచి వచ్చింది నిన్ను సాగనంపడానికి కాదు, ఆపడానికి. "ఆడపిల్ల ఒక్కతే హిమాలయాల దాకా పోయేదేందమ్మా?" అన్నాడు. "ఒక్కతే కాదు రాజశేఖరా, కర్రెన్న పోతాండాడు" అన్నాను. ఆ ఒక్క మాట మీద నీ ప్రయాణం నిలబడి ఉంది. నీ బుల్లి కుక్క మఫిన్ ఉందిలే. దొంగ వస్తే దాన్ని కూడా ఎత్తుకుపోతాడు తప్ప అది చేసేదేమీ లేదు.

కర్రెన్న నా కుక్క కాదు, మరచిపోవద్దు. పెద్దముడియం తిప్పన్న ముప్పై ఏళ్ళు మన చేలో గొర్రెల మంద కట్టినవాడు. మోకాళ్ళు చెడి, రెండేళ్ళ కిందట మందను అమ్ముకున్నాడు. "గొర్రెలను అమ్మినా గానీ వీన్ని అమ్మల్యాను టీచరమ్మా, నీ వసారాలో పండుకోనీ" అని కర్రెన్నను నా దగ్గర వదిలాడు. ప్రతి శుక్రవారం బస్సెక్కి వచ్చి చూసి పోతాడు. నీ వెంట పంపుతానని అడిగితే ఒక పూటంతా ఆలోచించి సరేనన్నాడు. వాడిని వెనక్కి తేవడం నీ బాధ్యత. తిప్పన్న చేతికి అప్పగించడం నాది.

ఫోనులో మాట్లాడితే నా చెవి మిషను కూస్తుంది. మీ నాన్న ఫోనుకు కబురు పెడితే మీ నాన్నకు తెలుస్తుంది. కాబట్టి నువ్వు హాస్టల్లో ఉన్నప్పటిలాగే జాబులే రాయాలి. ప్రతి జాబు మీద తేదీ పక్కన కారు మీటరు ఎంత తిరిగిందో వేయి. బయలుదేరేటప్పుడు సున్నా పెట్టించాను. నీ మాట నమ్ముతాను. మీటరును కొంచెం ఎక్కువ నమ్ముతాను.

కర్రెన్నకు రెండు పూటలా రాగి సంగటి. బిస్కెట్లు వద్దు. మఫిన్ మెడకు కట్టే ఆ గులాబీ రంగు రిబ్బను వాడికి కట్టి అవమానించవద్దు.

మీ జేజి,
నిర్మలమ్మ.

&nbsp;

నాగపూరు,
8-11-2024. మీటరు: 921.

జేజీకి,

నీ మనవరాలు క్షేమం. మఫిన్ క్షేమం. కర్రెన్న క్షేమమే కానీ, వాడి వల్ల మిగతా దేశం క్షేమంగా లేదు.

మంచం ఎక్కడు. మొదటి రాత్రే ఎక్కించి పడుకోబెడితే నన్ను జాలిగా చూసి దిగిపోయాడు. ఇంటి కింద, చక్రాల మధ్య పడుకుంటాడు. ఆ మంచం మీద ఇప్పుడు మఫిన్ ఒక్కతే కాళ్ళు చాపుకుని మహారాణిలా పడుకుంటోంది.

ఆదిలాబాదు ఇవతల ఒక ధాబా దగ్గర పెళ్ళివాళ్ళ బస్సు ఆగింది. జనం దిగి తలా ఒక దిక్కు పోయారు. కర్రెన్నకు అది నచ్చలేదు. చుట్టూ తిరిగి, ఒక్కొక్కరి మడమ దగ్గర మెల్లగా మూతి పెట్టి తోసి, పది నిమిషాల్లో అందరినీ బస్సు పక్కకు చేర్చాడు. ముళ్ళచెట్ల వెనక్కి పోయిన ఒక పెద్దాయనను పంచె సర్దుకోనివ్వకుండానే తోలుకొచ్చాడు. డ్రైవరు తలలు లెక్కపెట్టి "పెండ్లి మొదలైన కాడి నుంచి లెక్క సరిపోయింది ఇప్పుడే" అని నాకు టీ ఇప్పించాడు.

టోలుగేటు దగ్గర మా ఇల్లు ఏ రకం బండి కిందికి వస్తుందో ఎవరికీ తెలియలేదు. "సరుకు చూపించండి" అన్నారు. తలుపు తీశాను. మఫిన్ ఆవులించింది. వదిలేశారు.

దారిలో ఎవరు పలకరించినా "కాశీకా?" అంటారు. అవునంటే, "అక్కడ ఏం వదులుతావు?" అంటారు. ఈ ఉదయం కర్రెన్న నా రెండో జత చెప్పులు కూడా నమిలేశాడు. అందుకని నిశ్చయించుకున్నాను జేజీ. కాశీలో ఈ కర్రెన్ననే వదిలేసి వస్తా! మిగతా దారికి చెప్పులైనా మిగులుతాయి.

పదో తేదీకి సివనీ చేరతాను. ఇక్కడికి నూట ముప్పై కిలోమీటర్లు. ఊరి బయట ఒక సీతాఫలం తోటలో ఇల్లు నిలుపుకోనిస్తామన్నారు, పది రోజులు ఆగుతాను. ఆ తరువాత జబల్పూరు, కాశీ, అల్మోరా. జాబులు సివనీ హెడ్ పోస్టాఫీసుకు, పోస్టుమాస్టరు గారి కేరాఫ్ రాయి.

నీ
శిల్ప.

&nbsp;

జమ్మలమడుగు,
13-11-2024, బుధవారం.

చి. శిల్పకు,

నీ జాబు నిన్న వచ్చింది. నిన్ననే తిప్పన్న కూడా వచ్చాడు. మిషన్ ఆసుపత్రిలో మోకాలు చూపించుకోవడానికి భార్య చిన్నసుబ్బమ్మను వెంటబెట్టుకుని వచ్చి, అటునుంచి కర్రెన్న సమాచారం కోసం నా దగ్గరికి వచ్చారు. నేను జాబు చదివి వినిపించాను. జాబు చదివేటప్పుడు మధ్యలో కొంత వదిలేసే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. అదే జరిగిన తప్పు.

పెళ్ళివాళ్ళ దగ్గర తిప్పన్న తొడ చరిచి నవ్వాడు. చెప్పుల దగ్గర కూడా నవ్వాడు. తరువాతి వాక్యం దగ్గర నోట్లోని బీడీ తీసి పక్కన పెట్టాడు.

"కాశీలో వదుల్తాననిందా పాప?"

"తమాషాకు రాసింది, తిప్పన్నా."

"కాశీ మాట తమాషాకు అంటారా టీచరమ్మా? మా నాయన కాశీలో వంకాయ వదిలినాడు. సచ్చేదాకా ముట్టల్యా. నోట్లోంచి వచ్చినంక వదలాల్సిందే."

"అది కాశీలో గంగలో నిలబడి అనాలి. ఇది నాగపూరులో అన్నది."

"అనల్యా, రాసినాది. నోటిమాట కంటే రాత గట్టిది. నువ్వే గదమ్మా మాకు చెప్పింది, ఏదైనా కాగితం మీద పెట్టుకోండప్పా అని?"

ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. ఇంత గట్టిగా నా మాటతోనే నా నోరు మూయించిన విద్యార్థి లేడు. చిన్నసుబ్బమ్మ "కుక్క కోసరం ఏడ్చేదేంది, లే" అని ఆయనను కసిరింది గానీ, ఆమె కొంగు కూడా కళ్ళ దగ్గరే ఉంది. ఇద్దరూ కాఫీ ముట్టకుండా పోయారు. రెండు గ్లాసులు అట్లాగే చల్లారిపోయాయి.

నువ్వు చేయవలసింది ఇది. వేరే కాగితం మీద, తిప్పన్న పేరున, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని రాయి. కర్రెన్న ఆ రోజు ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో కూడా రాయి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ఆయనకు చదువు రాకపోయినా కాగితం పట్టుకుని చూస్తాడు.

మీ జేజి,
నిర్మలమ్మ.

&nbsp;

సివనీ,
14-11-2024. మీటరు: 1,447.

జేజీకి,

నీ జాబు ఇంకా అందలేదు. సీతాఫలం తోట చాలా బాగుంది. రాలిన పండ్లు ఎన్ని తిన్నా ఎవరూ ఏమీ అనరు. మఫిన్ గింజలు కూడా మింగి ఒక పూట పడకేసింది, ఇప్పుడు కులాసా. ఇక్కడ పొద్దున పూట చలి. నువ్వు అల్లిన స్వెట్టరు మొదటిసారి పనికొచ్చింది.

సోమవారం తెల్లవారి తోట ముందు రోడ్డంతా గొర్రెలు! వందలు. ఎర్ర తలపాగాల మనుషులు, ఒంటెల మీద మంచాలు, మంచాల మీద పిల్లలు. రాజస్థాన్ నుంచి మేత కోసం నడుచుకుంటూ వస్తారట. నేను లోపల ఉప్మా చేస్తూ కిటికీలోంచి చూశాను.

ఇంతకంటే విశేషాలు లేవు. నాలుగు రోజులుగా అందరం విశ్రాంతి తీసుకుంటున్నాం. నాన్న అడిగితే అంతా బాగుందని చెప్పు. తిప్పన్న తాతకు కూడా.

శిల్ప.

&nbsp;

జమ్మలమడుగు,
18-11-2024, సోమవారం.

శిల్పా,

నాగపూరులో మీటరు 921. సివనీకి 130 అని నువ్వే రాశావు. చేరేసరికి 1,051 ఉండాలి. నీ జాబు మీద 1,447 ఉంది. నాలుగు రోజులు విశ్రాంతి తీసుకున్న కారు 396 కిలోమీటర్లు తిరగదు.

కిందటి జాబులో కర్రెన్న గురించి తొమ్మిది వాక్యాలు రాశావు. ఈ జాబులో ఒక్కటీ లేదు. మఫిన్ మింగిన గింజల గురించి రాసిన పిల్ల, వాడు సంగటి తిన్నాడో లేదో రాయలేదు. "నీ శిల్ప" అని కాకుండా ఉత్త "శిల్ప" అని సంతకం పెట్టావు.

కర్రెన్న తప్పిపోయాడు. నువ్వు నాలుగు రోజులుగా రోడ్లన్నీ తిరిగి వెతుకుతున్నావు. అవునా?

తిట్టడానికి ఈ జాబు రాయడం లేదు, అది తరువాత. ఇది వెతకడానికి.

ఈ మాట చెప్పడానికి తిప్పన్నను నా దగ్గరికి పిలవడం న్యాయం కాదని పొద్దున నేనే ఆటో మాట్లాడుకుని పెద్దముడియం పోయాను. ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను. కాశీ మాట ఎత్తుతాడని నేను భయపడ్డాను. ఎత్తలేదు.

"తప్పిపోయిన దినం ఆడ ఏముండాది టీచరమ్మా?" అన్నాడు.

నీ జాబు తీసి మళ్ళీ చదివాను. గొర్రెల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎత్తాడు.

"ఇంగ సాలు. నా కొడుకు యాడికీ పోల్యా. పనికి పొయినాడు!"

నవ్వుతున్నాడు, శిల్పా. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "రెండేండ్లు నీ వసారాలో ఉత్తగ పండుకున్యాడు గదమ్మా. కండ్ల ముందర అంత మంద పోతాంటే వాడు ఉంటాడా?" అన్నాడు.

ఇప్పుడు ఆయన చెప్పినట్లు చెయ్యి. ధాబాల దగ్గర కుక్క ఫొటో చూపించి అడగడం మాను. కుక్కను వెతకొద్దు, మందను వెతుకు. మందను రోడ్డు మీద కూడా వెతకొద్దు. ఇప్పుడు అక్కడ వరి కోతలు. కోసిన చేలో గొర్రెలను రాత్రిళ్ళు నిలిపితే చేనుకు ఎరువు. అందుకని రైతులు పిలిచి మరీ మంద కట్టించుకుంటారు, మనలాగే. ఒక్కో చేలో రెండు మూడు రాత్రులు ఉంటుంది కాబట్టి మంద ఎంతో దూరం పోయి ఉండదు. కోసిన చేలల్లోకి దిగి పెంటికలు చూడు. ఎండినవైతే ముందుకు పో. మెత్తగా ఉంటే మంద ఆ పక్క ఊళ్ళోనే ఉంటుంది.

వాడిని పేరు పెట్టి పిలిస్తే రాడు. పేరు మన సరదాకు. మంద దగ్గర వాడికి తెలిసిన పిలుపు వేరు. నాలుక అంగిటికి ఆనించి మూడుసార్లు టక్కుమనిపించి, ఆ తరువాత "ఓ...య్" అని సాగదీసి, చివర ఒక్కసారిగా ఆపాలి. తిప్పన్న నా చేత పదిసార్లు చేయించాడు. ఇంటికి వచ్చి సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని వసారాలో నిలబడి చేశాను. పక్కింటి మేకలు మూడు గేటు తోసుకుని లోపలికి వచ్చాయి. కాబట్టి సరిగ్గానే వచ్చింది.

నిర్మలమ్మ.

&nbsp;

సివనీ,
19-11-2024. మీటరు: 1,788.

జేజీ,

నీ పదమూడో తేదీ జాబు ఇప్పుడే అందింది. పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నేను అబద్ధం రాశాను. కర్రెన్న లేడు. పదకొండో తేదీ పొద్దున నుంచి లేడు. నువ్వు వద్దన్న ఆ గులాబీ రిబ్బనుతోనే కట్టాను, తాడు ఇంట్లో అడుగున ఎక్కడో ఉందని బద్ధకించి. ఉప్మా దించి బయటికి వచ్చేసరికి చక్రానికి రిబ్బను ముక్క వేలాడుతోంది.

ఎనిమిది రోజులుగా హైవే అంతా తిరుగుతున్నాను. లారీల వాళ్ళను అడిగాను, పోలీసులను అడిగాను. మఫిన్ వాడు పడుకునే చోట, చక్రాల మధ్య పడుకుంటోంది.

తిప్పన్న తాత అన్నది నిజమేనేమో. నేను ఆ మాట రాశాను, మూడు రోజులకు వాడు పోయాడు. నువ్వు అడిగిన కాగితం ఎట్లా రాయాలి? ఏం తిన్నాడని రాయాలి?

ఇరవై అయిదు వరకు చూస్తాను. దొరకకపోతే ఇల్లు ఇక్కడే ఎవరికైనా ఇచ్చేసి తిరిగి వస్తాను. కాశీ వద్దు, అల్మోరా వద్దు. తాత ముందు నేనే నిలబడి చెబుతాను. అంతవరకు నువ్వు చెప్పొద్దు.

శిల్ప.

&nbsp;

సివనీ జిల్లాలో ఒక వరి చేను గట్టు,
27-11-2024. మీటరు: 1,934.

జేజీ! జేజీ!

దొరికాడు!

నీ జాబు ఇరవై మూడున అందింది. చదివిన గంటకు చేలల్లో ఉన్నాను. మొదటి మూడు రోజులు చూసినవన్నీ ఎండినవి. నిన్న ఒక రైతు నేను వంగి వంగి చూడటం చూసి, ఉంగరం పోగొట్టుకున్నానేమోనని తనూ వెతకడం మొదలుపెట్టాడు. గొర్రె పెంటికల కోసమని చెప్పాక నాకు కొంచెం దూరంగా నిలబడ్డాడు. కానీ మంద తన బావమరిది చేనుకే పోయిందని చెప్పింది ఆయనే. హైవేకు ఇరవై రెండు కిలోమీటర్లు లోపలికి. నేను ఒక్కసారి కూడా రాని దారి.

సాయంత్రం ఐదవుతోంది. మంద మేసి తిరిగి వస్తోంది. వెనక, కుడి చివర, కర్రెన్న. జేజీ, వాడిని నేను గుర్తుపట్టలేదు. మన వసారాలో వాడు ముసలివాడు కదా? ఇక్కడ ఉరుకుతున్నాడు. పక్కకు పోయిన పొట్టేలును ఒక్క చూపుతో మందలో కలిపాడు.

పిలిచాను. మూడు టక్కులు, ఓ...య్. వాడికి అర్థమైంది. చెవులు లేచాయి, నా వైపు చూశాడు. కానీ రాలేదు. మళ్ళీ మందవైపు తిరిగి, చివరి గొర్రె చేలోకి దిగేదాకా నిలబడి చూసి, అప్పుడు వచ్చాడు. వచ్చి నా కొత్త చెప్పు వాసన చూశాడు.

మంద యజమాని పేరు మాంగీలాల్. "రెండు వారాలుగా ఇది ఎవరి కుక్కో తెలియదు, కానీ పని తెలిసిన కుక్క" అన్నాడు. తమకు ఇచ్చేయమని మర్యాదగా అడిగాడు. ఇది నాది కాదని, మా ఊరి తిప్పన్న తాతదని చెప్పాను. "గొర్రెలెన్ని ఆయనకు?" అన్నాడు. ఒక్కటీ లేవని చెబితే, కర్రెన్న తల నిమిరాడు.

జాబు నాలుగు రోజులు పడుతుంది, అంతవరకు తాత ఎట్లా ఉంటాడని ఇవాళ పొద్దున నాన్నకు ఫోను చేశాను. "దొరికాడని జేజికి చెప్పు, అంతే" అని పెట్టేశాను. నాన్న వెంటనే మళ్ళీ చేసి "ఎవరమ్మా? ఏ ఊరు? ఏం చదివినాడు?" అన్నాడు. నేను "రాజస్థాన్ వాళ్ళ దగ్గర దొరికాడు" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే భయంగా ఉంది.

తాతకు రాసిన కాగితం దీనితో పెట్టాను, పెద్ద అక్షరాలతో. నిన్న రాత్రి వాడు తిన్నది రొట్టెలు ఏడు, మజ్జిగ ఒక గిన్నె. కానీ ఒక్క మాట అడుగుతాను. మేము మంద పక్కనే ఇల్లు నిలుపుకున్నాం. వాడు నా దగ్గరే పడుకున్నాడు, మొహం మాత్రం గొర్రెల వైపు పెట్టుకుని. వీడిని మళ్ళీ తెచ్చి నీ వసారాలో పడుకోబెట్టడం న్యాయమా జేజీ?

నీ
శిల్ప.

&nbsp;

జమ్మలమడుగు,
2-12-2024, సోమవారం.

చి. శిల్పకు,

న్యాయం కాదు. నువ్వు అడగకముందే, పద్దెనిమిదో తేదీ తిప్పన్న వాకిట్లో నిలబడినప్పుడే నాకు ఆ సంగతి తెలిసింది. ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది.

నీ పంతొమ్మిదో తేదీ జాబు ఇరవై మూడున వచ్చింది. తరువాత నాలుగు రోజులు నేను ఎట్లా గడిపానో రాయను. ఇరవై ఏడు సాయంత్రం మీ నాన్న పులివెందుల నుంచి పరుగున వచ్చి, వసారాలో చెప్పులు విడవకుండానే "దొరికినాడంటమ్మా!" అన్నాడు. నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను. అది చూసి వాడూ ఏడ్చాడు. "రాజస్థాన్ వాడంట, ఏం జేస్తాం, పిల్ల ఇష్టం" అన్నాడు. నాకు అప్పుడు నవ్వు ఆగలేదు. చెవి మిషను కూడా కూసింది. నేను ఒప్పుకున్నానని అనుకుని వాడు ధైర్యంగా వెళ్ళిపోయాడు.

నీ జాబు, తిప్పన్న కాగితం నిన్న ఆదివారం పూట కూడా పోస్టుమాన్ తెచ్చి ఇచ్చాడు. అడిగి పెట్టుకున్నాను కాబట్టి. వెంటనే పెద్దముడియం పోయాను. చివరి గొర్రె చేలోకి దిగాకే వాడు నీ దగ్గరికి వచ్చాడన్న చోట తిప్పన్న మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివాను.

అప్పుడు అడిగాను. "తిప్పన్నా, నా చేను నాలుగెకరాలకూ కంచె ఉంది. పది గొర్రెలు తెచ్చి వేస్తాను. చూసుకుంటావా?"

"నా మోకాళ్ళు సూడు టీచరమ్మా. పదింటి యనకాల గూడా ఉరకల్యాను."

"ఉరికేది నువ్వు కాదు. వాడు. నువ్వు గట్టు మీద కూర్చుని టక్కుమనిపిస్తే చాలదా?"

ఆయన చిన్నసుబ్బమ్మ వైపు చూశాడు. ఆమె "పదా? పన్నెండు జెయ్యమ్మా, నేనుండ్లా?" అంది.

ఇక మిగిలింది కాశీ మాట. నువ్వు వెనక్కి తీసుకున్న కాగితం ఆయనకు సమ్మతమే. కానీ కాశీకి చెప్పిన మాట ఖాళీగా పోకూడదట, బదులు ఏదో ఒకటి పెట్టాలట, అదీ ప్రియమైనదై ఉండాలట. మొలలోంచి బీడీకట్ట తీసి నా ముందు పెట్టాడు. "కర్రెన్నకు బదులు ఇదీ" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ కట్ట మీద పోరాడుతున్న చిన్నసుబ్బమ్మ, కాశీ ఏ దిక్కున ఉందని నన్ను అడిగి అటు తిరిగి దండం పెట్టింది.

ఇక జరగవలసినవి:

1. తిరిగి వచ్చేస్తానన్న నీ మాట రద్దు. ఈ జాబు అందిన మరునాడు జబల్పూరు మీదుగా కాశీకి బయలుదేరాలి.

2. బయలుదేరేముందు మాంగీలాల్ గారికి నమస్కారం చెప్పి, నీ దగ్గరున్న గోంగూర జాడీ ఇవ్వాలి. తిప్పన్నకు గొర్రెలు వస్తున్నాయని కూడా చెప్పాలి. పన్నెండు అని చెప్పు.

3. కర్రెన్నకు తోలు పట్టీ, గట్టి తాడు కొనాలి. రిబ్బను మఫిన్‌కు తిరిగి ఇచ్చేయాలి.

4. దీనితో పంపిన బీడీకట్టను తిప్పన్న పేరు చెప్పి కాశీలో వదలాలి. కట్టలో ఇరవై అయిదు ఉండాలి, ఇరవై నాలుగే ఉన్నాయి. ఒకటి ఆఖరిదని చెప్పి నా ఎదుటే కాల్చాడు. నువ్వు లెక్క చూసుకుని కంగారుపడవద్దు.

5. దొరికినవాడు ఎవరో మీ నాన్నకు నువ్వే రాయాలి, ఇవాళే. వాడు ఇప్పటికే వేంపల్లె అత్తకు చెప్పేశాడు. ఆమె అబ్బాయి ఫొటో అడుగుతోంది. కర్రెన్న ఫొటో పంపు.

6. జనవరి ఇరవైన గొర్రెలు చేలోకి దిగుతాయి. ఆ రోజుకు కర్రెన్న పెద్దముడియంలో ఉండాలి. వాడికి కారు నడపడం రాదు కాబట్టి నువ్వూ రావాలి.

మీ జేజి,
నిర్మలమ్మ.